పాత కంచెకు మరమ్మతా, కొత్త కంచెనా? డబ్బు తీసే ముందు ఒక పూట లెక్క

అన్నదాత సుఖీభవ – పీఎం కిసాన్ లబ్ధిదారుల కోసం సమాచార పాఠం
(ఫోన్‌లో దాచుకోండి. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి.)



పథకం డబ్బు ఖాతాలో పడిన వారంలో రైతు సేవా కేంద్రం దగ్గర వినిపించే ప్రశ్నల్లో ఒకటి ఇది: "మేడమ్, చేని చుట్టూ కంచె పాతబడిపోయింది. పందులు దూరుతున్నాయి. అతుకులు వేయించాలా, తీసేసి కొత్తది వేయించాలా?"

అందరికీ ఒకే జవాబు లేదు. ఒకరికి మరమ్మతు చాలు, ఇంకొకరికి అది దండగ. మీది ఏ రకమో మీరే తేల్చుకోవచ్చు. దానికి ఒక పూట సమయం, ఒక సుద్దముక్క, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. ఈ పాఠం అందుకే.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఉద్యోగంలోకి రాకముందు నేను విలేకరిగా పనిచేశాను. "పొలం కంచెకు కరెంటు తగిలి వ్యక్తి మృతి" అన్న వార్త రాయాల్సి వచ్చిన రోజులు ఉన్నాయి. నాలుగు లైన్ల వార్త. పందుల కోసం పెట్టిన తీగకు తగిలింది పంది కాదు, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనిషి. పాత కంచె పనిచేయక, కొత్తదానికి డబ్బు లేక, మోటారు లైను నుంచి కరెంటు లాగుతారు. కంచె గురించి ముందే సరిగ్గా ఆలోచించి ఉంటే అంతదాకా వచ్చేది కాదు అని అప్పుడు అనిపించేది. ఇప్పుడూ అదే అనిపిస్తుంది.

1. ముందు ఈ ప్రశ్న: కంచె ఎవరిని ఆపడానికి?

కంచె పాతబడటం ఒక సమస్య. అసలు ఆ జంతువును ఆపే కంచే కాకపోవడం వేరే సమస్య. రెండింటినీ కలపొద్దు.

• ఆవులు, ఎద్దులు, గేదెలు: గట్టి కూసాలు, బిగుతైన నాలుగైదు వరసల ముళ్ళ తీగ ఉంటే ఆగుతాయి.

• మేకలు, గొర్రెలు: వరసల మధ్య సందు ఎక్కువైతే దూరిపోతాయి. కింది వరసలు దగ్గర దగ్గరగా ఉండాలి, లేదా జాలీ కావాలి.

• అడవి పందులు: ఎక్కువగా కింద నుంచి వస్తాయి. కింది తీగను ముట్టెతో ఎత్తుతాయి, లేదా మట్టి తవ్వుతాయి. పైన ఎన్ని వరసలు వేసినా, కింద అడుగు సందు ఉంటే ఆ కంచె పందికి లెక్క కాదు. జాలీ వేస్తే ఒక అడుగు భూమిలోకి పూడ్చాలి.

• కోతులు: ముళ్ళ తీగ, జాలీ రెండూ ఎక్కేస్తాయి. కోతుల కోసం మామూలు కంచె మీద డబ్బు పెట్టొద్దు.

• ఏనుగులు: మన చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు, కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల రైతులకు ఇది చెప్పక్కర్లేదు. ముళ్ళ తీగ ఏనుగును ఆపదు. ఏనుగు వచ్చే దారిలో మీ ఒక్కరి కంచె గురించి ఆలోచించే ముందు అటవీ సిబ్బందితో మాట్లాడండి.

పాత కంచె ఆవుల కోసం వేసింది, ఇప్పుడు వస్తున్నవి పందులు అయితే, పాత కంచెను ఉన్నది ఉన్నట్టు బాగుచేసినా పంట దక్కదు. అప్పుడు కావాల్సింది కింది భాగాన్ని మార్చడం.

2. సుద్దముక్కతో ఒక చుట్టు

ఉదయం ఎండ ముదరకముందే చేని చుట్టూ నడవండి. ప్రతి కూసం దగ్గర ఆగండి. (రాతి కూసాలనే కొన్ని చోట్ల కడీలు అంటారు.) మంచిదైతే ఒక గీత, సరిచేస్తే సరిపోయేదైతే రెండు గీతలు, పనికిరానిదైతే అడ్డగీత పెట్టండి.

రాతి కూసం: రెండు చేతులతో గట్టిగా తోయండి. కదిలినా రాయి బాగుంటే అది రెండు గీతల కూసం. మళ్ళీ గుంత తీసి, రాళ్ళు, మట్టి వేసి దిమ్మిస చేస్తే నిలుస్తుంది. చిన్న రాయితో తట్టండి. గట్టి రాయి ఖణీమంటుంది. లోపల పగులు ఉంటే శబ్దం బొంగురుగా వస్తుంది. పగులు భూమికి దగ్గరలో ఉంటే అడ్డగీత.

సిమెంటు కూసం: మూలల్లో సిమెంటు రాలి లోపలి ఇనుప కడ్డీ కనబడుతోందా? తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి సిమెంటును ఇంకా పగలగొడుతుంది. పైన పూత పూస్తే ఆగదు. అడ్డగీత.

కర్ర గుంజ: పైన చూసి మోసపోవద్దు. కర్ర కుళ్ళేది సరిగ్గా నేల మట్టం దగ్గర. అక్కడ మట్టి నాలుగు వేళ్ళ లోతు తీసి, కొడవలి మొనతో గుచ్చండి. మొన మెత్తగా దిగితే అడ్డగీత.

తీగ: జింకు పూత ఉన్నంతకాలం తీగ బూడిద రంగులో ఉంటుంది. పూత పోయాక ఎర్ర తుప్పు వస్తుంది. తుప్పు పట్టిన చోట తీగను చేతికి గుడ్డ చుట్టుకుని రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచండి. విరిగితే ఆ వరస అయిపోయినట్టే. వంగి నిలిస్తే ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. వేలాడుతున్న తీగ వేరు, తుప్పు పట్టిన తీగ వేరు. వేలాడేదాన్ని బిగిస్తే చాలు.

మూల కూసాలు: తీగ లాగుడంతా వీటి మీదే. మూల కూసం లోపలికి వాలితే ఆ రెండు వైపులా తీగలన్నీ వదులవుతాయి. చాలా చోట్ల "కంచె పోయింది" అనుకునేది నిజానికి మూల కూసాలు వాలడమే. ఏటవాలుగా ఆసరా కూసం ఇచ్చి తీగ బిగిస్తే కంచె మళ్ళీ నిలబడుతుంది. నల్లరేగడి నేలలో ఇది ఎక్కువ, ఎందుకంటే ఆ నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి కూసాన్ని కదుపుతుంది.

ఇంటికి వచ్చాక ఒక్కో వైపు విడివిడిగా రాసుకోండి: మొత్తం కూసాలు ఎన్ని, అడ్డగీతలు ఎన్ని, పాడైన తీగ ఎన్ని వరసలు.

3. చేతిలెక్క

• ఒక వైపున నాలుగింట ఒక వంతు కంటే తక్కువ కూసాలకు అడ్డగీత పడితే: ఆ వైపు మరమ్మతు.

• సగం కంటే ఎక్కువ పోతే: ఆ వైపు కొత్తది.

• మధ్యలో ఉంటే: కింది లెక్క వేయండి.

• కూసాలు బాగుండి తీగ మాత్రమే పోతే: కూసాలు కదపొద్దు, తీగ మార్చండి. ఇది చాలామంది మరిచిపోయే మూడో దారి.

నాలుగు వైపులా ఒకే నిర్ణయం ఉండాలని లేదు. అడవి వైపు కొత్తది, రోడ్డు వైపు మరమ్మతు అయినా తప్పేం లేదు.

4. అసలు లెక్క: ఏడాదికి ఎంత పడుతోంది?

"మరమ్మతుకు 20 వేలు, కొత్తదానికి 80 వేలు. మరమ్మతే చవక" అంటారు. అది సగం లెక్కే. ఎన్నేళ్ళు నిలుస్తుంది అన్నది రెండో సగం.

రెండెకరాల చేను, చుట్టుకొలత 1,200 అడుగులు అనుకుందాం. పది అడుగులకు ఒక కూసం చొప్పున 120 కూసాలు. ఐదు వరసల తీగ, అంటే 6,000 అడుగులు. కింది ధరలు లెక్క నేర్చుకోవడానికి వేసినవే. మీరు మీ ఊరి ధరలు వేసుకోండి.

కొత్త కంచె:
కూసాలు, నాటడంతో కలిపి 120 × 400 = 48,000
తీగ 6,000 అడుగులు × 4 = 24,000
తీగ కట్టే కూలి = 8,000
మొత్తం 80,000 రూపాయలు

కూసాలు 20 ఏళ్ళు, తీగ 10 ఏళ్ళు ఉంటాయనుకుంటే, పదో ఏట తీగ మార్చడానికి ఇంకో 30,000 కావాలి. 20 ఏళ్ళకు 1,10,000. అంటే ఏడాదికి 5,500.

తీగ మాత్రం కొత్తది:
తీగ 24,000 + కూలి 6,000 = 30,000. పదేళ్ళు ఉంటే ఏడాదికి 3,000.

మరమ్మతు:
20 కూసాలు × 400 = 8,000
కింది రెండు వరసల తీగ 2,400 అడుగులు × 4 = 9,600
కూలి 2,400
మొత్తం 20,000

ఈ మరమ్మతు ఎనిమిదేళ్ళు నిలిస్తే ఏడాదికి 2,500. అందరికంటే చవక ఇదే. మూడేళ్ళకే మళ్ళీ పోతే ఏడాదికి దాదాపు 6,670. అప్పుడు కొత్త కంచె కంటే ఖరీదు!

ఖర్చు అదే 20 వేలు. జవాబు మాత్రం తిరగబడింది. అందుకే మేస్త్రీని "ఎంతవుతుంది?" అని మాత్రమే అడగొద్దు. "ఇలా చేస్తే ఎన్నేళ్ళు నిలుస్తుంది?" అని కూడా అడగండి. ఈ ఉదాహరణలో నాలుగేళ్ళ కంటే తక్కువ నిలిచే మరమ్మతు నష్టం.

పంట నష్టం కూడా ఈ లెక్కలోకి రావాలి. మరమ్మతు చేశాక కూడా పందులు దూరి ఏడాదికి ఐదు వేల వేరుశనగ పోతుంటే, ఆ ఐదు వేలు మరమ్మతు ఖాతాలోనే రాయాలి. రాత్రి కాపలా కూలి ఇస్తుంటే అదీ అంతే.

మా నాన్న ఏటా సంక్రాంతికి ముందు కంచెకు అతుకులు వేయించేవారు. ఒకసారి రెండు వేలు, ఒకసారి ఐదు వేలు. చిన్న చిన్న ఖర్చులు కదా, ఎక్కడా రాయలేదు. ఒక సెలవు రోజు నేను కూర్చుని ఆయన చేత గుర్తు చేయించి రాస్తే, ఆరేళ్ళలో పెట్టింది చుట్టూ కొత్త తీగ ఖరీదు దాటింది. నాన్న పుస్తకం చూసి, "దీన్ని ముందే రాయాల్సింది" అన్నారు. మీరు ఈ ఏడాది నుంచే రాయండి.

5. పథకం డబ్బుతో ఎంతవరకు?

అన్నదాత సుఖీభవ – పీఎం కిసాన్ కింద అర్హులైన భూమి ఉన్న రైతు కుటుంబానికి ఏడాదికి 20,000 రూపాయలు. ఇందులో కేంద్రం వాటా 6,000, రాష్ట్రం వాటా 14,000. మూడు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఈకేవైసీ పూర్తి కాకపోయినా, ఆధార్‌తో ఖాతా అనుసంధానం లేకపోయినా విడత ఆగిపోవచ్చు. కంచె గురించి ప్లాను వేసుకునే ముందు ఇది చూసుకోండి.

ఇది పెట్టుబడి సాయం. విత్తనం, ఎరువు, దుక్కి కూలి కూడా దీన్నుంచే చూసుకునేవాళ్ళు ఎక్కువ. మొత్తం కంచెకే పోసి, విత్తనానికి అప్పు చేయొద్దు.

కొత్త కంచెకు బయట అప్పు తెచ్చే ముందు ఈ లెక్క చూడండి. 60,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ 1,800. ఏడాదికి 21,600. అంటే ఏడాది మొత్తం పథకం సాయం కంటే వడ్డీయే ఎక్కువ! అసలు అలాగే ఉంటుంది.

అందుకని చేతిలో డబ్బు తక్కువైతే వరస ఇది:
మొదటి ఏడాది: మూల కూసాలు, జంతువులు వచ్చే వైపు కింది తీగలు.
రెండో ఏడాది: సగం కంటే ఎక్కువ పోయిన వైపు కొత్త కూసాలు.
ఆ తర్వాత: మిగిలిన తీగ.
ఈలోగా ఆలస్యం చేసే వైపు మొక్కల కంచె మొదలుపెట్టండి.

కంచెకు వేరుగా రాయితీ ఏదైనా ప్రస్తుతం అమల్లో ఉందా అన్నది రైతు సేవా కేంద్రంలో అడిగి, జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి. "కంచె సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్ చేసేవాళ్ళను నమ్మొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

6. ఖర్చు తగ్గించే మూడు దారులు

పక్క రైతులతో కలవడం: చదరంగా ఉన్న ఒక ఎకరం చుట్టుకొలత సుమారు 835 అడుగులు. నలుగురు రైతులు తలా ఎకరానికి విడిగా వేస్తే 3,340 అడుగులు. ఆ నాలుగు ఎకరాలు ఒకే చదరంగా కలిసి ఉంటే చుట్టూ 1,670 అడుగులే. సరిగ్గా సగం. మధ్య గట్లు అలాగే ఉంటాయి, ఎవరి భూమి వాళ్ళదే. ఎవరు ఎంత పెట్టారు, గేటు తాళం ఎవరి దగ్గర, తెగితే ఎవరు కట్టాలి అన్నది కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి.

పాత సామాను: కంచె తీసేస్తే మంచి రాతి కూసాలు పారేయొద్దు. వాటిని మధ్యలో వాడి, కొత్తవి మూలలకు, గేటు దగ్గరకు పెట్టండి. విరిగిన కూసం పొడుగుది అయితే ఆసరా కూసంగా పనికొస్తుంది. తుప్పు తీగ ముక్కలు చేలో వదలొద్దు. పశువుల కాళ్ళకు, ట్రాక్టరు టైర్లకు గుచ్చుకుంటాయి.

మొక్కల కంచె: వాక్కాయ, గచ్చకాయ, కిత్తనార వంటివి. వాక్కాయ రెండు వరసలుగా, ఎదురెదురుగా కాకుండా సందులో పడేలా నాటితే రెండు మూడేళ్ళకు దట్టమవుతుంది. కాయ కూడా అమ్ముడుపోతుంది. తొలకరికి నాటితే నీళ్ళ ఖర్చు తగ్గుతుంది. సర్కారు తుమ్మ మాత్రం నాటొద్దు. చేలోకి పాకితే తీయడం కష్టం.

7. కొత్తది వేస్తుంటే

• హద్దు చూసుకోండి. పాత కంచె ఉన్నదే హద్దు అనుకోవద్దు. సర్వే రాళ్ళు సరిచూసుకోండి. అనుమానం ఉంటే సచివాలయంలో ఎఫ్-లైన్ కోసం దరఖాస్తు ఇచ్చి సర్వేయర్‌తో కొలిపించండి. పక్క రైతును ఆ రోజు దగ్గరుంచుకోండి. కంచె వేశాక వచ్చే తగాదా కంచె ఖర్చు కంటే పెద్దది.

• ఏడడుగుల కూసం రెండడుగులు భూమిలో ఉండాలి. గుంత తక్కువ తీస్తే కూలి మిగులుతుంది, కూసం వాలుతుంది.

• తీగ కొనేటప్పుడు గేజ్ అడగండి. అంకె తగ్గేకొద్దీ తీగ లావు. 14 గేజ్ కంటే 12 గేజ్ లావు. ధర ఒక్కటే చూసి పోల్చొద్దు, గేజ్ చూసి పోల్చండి. బిల్లు తీసుకోండి.

• కౌలు రైతులు: రాతి కూసాలు నాటితే అవి భూమితోనే ఉండిపోతాయి. యజమానితో ముందే మాట్లాడి, ఖర్చులో ఎవరి వాటా ఎంత, కౌలు ముగిశాక కూసాలు ఎవరివి అన్నది రాయించుకోండి. ఏడాది కౌలుకు కొత్త కంచె వేయొద్దు, మరమ్మతు చాలు.

8. కరెంటు తీగ: ఇది మాత్రం వద్దు

మోటారు లైను నుంచో, స్తంభం నుంచో కంచెకు నేరుగా కరెంటు ఇవ్వడం నేరం. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 135 కింద కరెంటు చౌర్యానికి మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. మనిషి చనిపోతే భారతీయ న్యాయ సంహిత కింద కేసు. ఏనుగు చనిపోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం. చట్టం మాట అలా ఉంచండి. ఆ తీగ రాత్రి ఎవరు వస్తున్నారో చూడదు. మీ ఇంటి పిల్లవాడైనా, పక్క చేను అక్క అయినా దానికి ఒకటే.

సోలార్ కంచె వేరు. అందులో ఎనర్జైజర్ అనే పెట్టె ఉంటుంది. అది కరెంటును ఆగకుండా పంపదు. సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేలోపు అయిపోయే చిన్న దెబ్బ మాత్రమే పంపుతుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, పట్టుకుని ఉండిపోదు. మోటారు కరెంటు అలా కాదు, పట్టేస్తుంది.

సోలార్ కంచె ఉన్నవాళ్ళకు మూడు మాటలు. ఒకటి, పెట్టె పాడైతే దాన్ని తప్పించి నేరుగా లైను ఇవ్వొద్దు. రెండు, ముళ్ళ తీగకు కరెంటు దెబ్బ ఇవ్వొద్దు, ముళ్ళకు చిక్కుకున్న ప్రాణి విడిపించుకోలేదు. నున్నటి తీగే వాడాలి. మూడు, "కంచె పనిచేయట్లేదు" అంటే వెంటనే కొత్తది కొనొద్దు. తీగకు గడ్డి తగులుతోందా, ఎర్తింగ్ కడ్డీ దగ్గర నేల ఎండిపోయిందా, బ్యాటరీ దిగిపోయిందా చూడండి. చాలాసార్లు సమస్య ఈ మూడింటిలోనే ఉంటుంది.

ఎక్కడైనా కంచెకు కరెంటు పెట్టినట్టు తెలిస్తే 1912కు చెప్పండి. ఎవరికైనా తగిలితే చేత్తో లాగొద్దు. ముందు సరఫరా ఆపండి, తర్వాత 108.

9. కంచె ఉన్నా పంట పోతే

ఫొటోలు తీయండి. జాడలు చెరపొద్దు. వ్యవసాయ సహాయకుడికి, అటవీ బీటు అధికారికి అదే రోజు చెప్పండి. 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులకు, ఏ ప్రాంతాలకు అన్నది రాష్ట్రం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లోపు యాప్‌లో, చోటు నమోదయ్యే ఫొటోలతో తెలపాలి. మీ పంటకు, మీ మండలానికి వర్తిస్తుందా అని ప్రీమియం కట్టేటప్పుడే అడగండి. పంట బీమా హెల్ప్‌లైన్ 14447.

ఒక్కసారి గుర్తు చేసుకుందాం

ఏ జంతువు వస్తోంది? ☐
ఒక్కో వైపు అడ్డగీతలు ఎన్ని? ☐
తీగ వంచి చూశారా? ☐
మూల కూసాలు నిటారుగా ఉన్నాయా? ☐
ఖర్చును ఏళ్ళతో భాగించారా? ☐
పక్క రైతుతో మాట్లాడారా? ☐
హద్దు సరిచూశారా? ☐
విత్తనానికి డబ్బు పక్కన పెట్టారా? ☐

ఎనిమిదింటికీ గుర్తు పెట్టాక డబ్బు తీయండి. మరమ్మతు అని తేలితే సిగ్గుపడక్కర్లేదు, కొత్తది అని తేలితే భయపడక్కర్లేదు. లెక్క మీ చేతిలో ఉంది.

ఈ పాఠం పక్క ఊరి రైతుకు కూడా పంపండి. ముఖ్యంగా 8వ భాగం.

– జిల్లా సమాచార అధికారి